సమస్య ఇచ్చేవాళ్లు కావాలి

అవధానం అనే మాట మీలో కొందరు విన్నారు, ఎక్కువమంది వినలేదు. అందులో మీ తప్పేం లేదు. మూడేళ్లకోసారి సామాన్లు పెట్టెల్లో సర్దుకునే ఇళ్లలో కొన్ని సంగతులు ఏ పెట్టెలోకీ ఎక్కకుండా పాత క్వార్టర్లోనే ఉండిపోతాయి. అందుకని ముందు అదేమిటో చెబుతాను.

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే అడిగేవాళ్లు, ఒక కవి చుట్టూ కూర్చుంటారు. కవి చేతిలో కాగితం ఉండదు, కలం ఉండదు. పృచ్ఛకుల్లో ఒకరు సమస్య ఇస్తారు. సమస్య అంటే ఇక్కడ ఇబ్బంది అని కాదు, పద్యంలో ఒక పాదం, మామూలుగా ఆఖరి పాదం. వినగానే అర్థం లేనిదిగానో, అనకూడనిదిగానో తోచేలా దాన్ని తయారుచేసుకుని వస్తారు. మిగతా మూడు పాదాలూ కవి చెప్పాలి. అవి విన్నాక ఆ ఆఖరి పాదం సబబుగా వినిపించాలి. ఇంకొకరు నిషిద్ధాక్షరి పట్టుకుంటారు. కవి ఒక అక్షరం అనగానే, తరవాత ఫలానా అక్షరం రాకూడదని అడ్డుపడతారు. మరొకరు పొంతన లేని నాలుగు మాటలిచ్చి, అవన్నీ వచ్చేలా తాము చెప్పిన విషయం మీద పద్యం చెప్పమంటారు. అది దత్తపది. వందేళ్ల పైచిలుకు కిందట తిరుపతి వేంకట కవులు ఊరూరా ఈ విద్య చూపించి జనాన్ని తమ వెంట తిప్పుకున్నారు.

తెలుగు మేడమ్ మళ్లీ పద్యాల దగ్గరికే వచ్చారని పేజీ తిప్పేయకండి. నేను చెప్పదలచుకున్నది వెలుతురు గురించి, కంప్యూటర్ గురించి. ఈమధ్య నేను పనిచేసిన ప్రతిచోటా ఒక మాట వింటున్నాను. "అంతా కంప్యూటరే చేసేస్తోంది కదా, పిల్లలు ఇన్ని లెక్కలు, ఇంత ఫిజిక్స్ నేర్చుకుని ఏం చేస్తారు?" దాని వెనకే ఇంకో మాట, కాస్త మొహమాటంగా: "తెలుగు మాత్రం ఎందుకు మేడమ్, బదిలీ అయితే ఆ స్కూల్లో ఉంటుందో ఉండదో." ఈ రెండింటికీ కలిపి నాకు జవాబు దొరికిన చోటు చిత్రమైనది. వెలుతురును వంచే, విడగొట్టే అతిసన్నటి పలకల్ని కంప్యూటర్ చేత డిజైన్ చేయించే శాస్త్రం అది.

మొదట పాలపిట్ట. దసరా రోజున ఊరి బయటికి వెళ్లి పాలపిట్టను చూసి రావడం తెలంగాణలో ఇప్పటికీ ఉన్న ఆచారం. ఆ రాష్ట్ర పక్షి కూడా అదే. రెక్క విప్పితే నీలం మీద నీలం. కానీ ఈకలో నీలం రంగు పదార్థం ఏదీ లేదు. వెలుతురు వెనకనుంచి వచ్చేలా ఈకను ఎత్తి పట్టుకుంటే నీలం పోయి మసక గోధుమరంగు మిగులుతుంది. ఈక లోపల స్పాంజిలాగా సన్నటి గాలి గదులున్నాయి. వాటి కొలత ఎలా ఉందంటే, నీలపు వెలుతురు కలిసికట్టుగా వెనక్కి తిరుగుతుంది, మిగతా రంగులు లోపలికి పోతాయి. పోయినవాటిని అడుగున ఉన్న నల్లటి పొర మింగేస్తుంది. రంగు పూయకుండా, ఉత్త ఆకారంతో పుట్టిన రంగు అన్నమాట.

ఈ ఈకల్ని శ్రద్ధగా పరీక్షించి రాసినవాళ్లలో సి.వి. రామన్ ఒకరు. 1934లో పక్షి ఈకల రంగుల మీద ఆయన రాసిన వ్యాసంలో పాలపిట్టది పెద్దపాత్ర. ఆ కాలంలోనే మెరిసే సముద్రపు చిప్పల మీద కూడా రాశారు. ఆయన సంగతి మీకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఆయన మీలాంటి పిల్లవాడే. పుట్టింది తిరుచిరాపల్లిలో. తండ్రికి విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీలో ఉద్యోగమైతే చిన్నప్పుడే విశాఖ వచ్చి, అక్కడే చదివి పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ ముగించారు. పెద్దయ్యాక ఆయనే మీ నాన్నల్లాంటి, అమ్మల్లాంటి ఉద్యోగి అయ్యారు. 1907లో ప్రభుత్వ ఆర్థిక శాఖలో చేరి కలకత్తా, 1909లో రంగూన్, 1910లో నాగపూర్, 1911లో మళ్లీ కలకత్తా. నాలుగేళ్లలో నాలుగు పోస్టింగులు! రంగూన్‌కు పోవాలంటే మన చుట్టూ ఉన్న ఈ బంగాళాఖాతమే దాటాలి. ఆఫీసు వేళలకు ముందూ వెనకా ప్రయోగశాలలో గడిపిన మనిషి ఆయన.

1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగివస్తూ ఆయన మధ్యధరా సముద్రపు నీలాన్ని చూశారు. అది ఆకాశం నీడే అని అప్పటి పెద్దల మాట. రామన్‌కు అది రుచించలేదు. దగ్గరున్న నికోల్ పట్టకంతో నీటిమీద ప్రతిఫలించే వెలుతురును తీసేసి చూశారు. నీలం పోలేదు సరికదా, ఇంకా చిక్కబడింది. నీటి అణువులే వెలుతురును చెదరగొడుతున్నాయని తేల్చారు. 1928 ఫిబ్రవరి 28కీ, 1930 నోబెల్ బహుమతికీ దారి అక్కడినుంచే పడింది. ఇంట్లో పోలరైజ్డ్ కళ్లద్దాలు ఉన్నవాళ్లు కార్బిన్స్ కోవ్ దగ్గర నిలబడి తల అటూ ఇటూ వంచి చూడండి. ఓడ ఎక్కకుండానే అందులో సగం ప్రయోగం అయిపోతుంది.

ఇక్కడ ఒక్క సంగతి పట్టుకోండి. రామన్ ఎదట వస్తువు ఉంది. ఇది ఎందుకిలా ఉంది అన్నది ఆయన ప్రశ్న. తెలుగు క్లాసు భాషలో చెప్పాలంటే పద్యం చేతిలో ఉంది, భావం చెప్పాలి. ఇప్పుడు నేను చెప్పబోయే పని దీనికి తిరగేసినది. భావం ముందే చేతిలో ఉంటుంది. ఈ రంగు వెలుతురు ఇటు పోవాలి, ఆ రంగుది అటు పోవాలి, లేదా అన్నీ ఒక్క చుక్క దగ్గర కలవాలి. ఆ పని చేసే ఆకారం ఏది? దీన్ని ఇన్వర్స్ డిజైన్ అంటున్నారు. నాకైతే సమస్యాపూరణం అనే మాటే బాగుంది.

ఆకారంతో వెలుతురును లొంగదీసుకోవడం కొత్త కాదు. పాత ఎర్రటి ఇరవై రూపాయల నోటు ఇంట్లో ఎక్కడైనా ఉంటే వెనక్కి తిప్పి చూడండి. కొబ్బరిచెట్ల మధ్య కనిపించేది మన ఎదురుగా ఉన్న నార్త్ బే, దాని లైట్‌హౌస్. లైట్‌హౌస్ దీపాన్ని చాలా దూరం పంపాలంటే పెద్ద కటకం కావాలి, పెద్ద కటకమంటే మోయలేనంత గాజు. ఫ్రాన్సులో ఫ్రెనెల్ అనే ఇంజనీరు ఆలోచించాడు. వెలుతురు వంగేది గాజు అంచు దగ్గరే, లోపలి గాజంతా ఉత్త బరువు. ఆ బరువు తీసేసి వంపు ముక్కల్ని మాత్రం వలయాలుగా పేర్చాడు. 1823లో కోర్దువాన్ లైట్‌హౌస్‌లో దాన్ని వెలిగించారు. బల్లపరుపు కటకానికి అది ముత్తాత.

మునిమనవడు మెటాసర్ఫేస్. దీని కథ తెలియాలంటే ముందు కొలతలు తెలియాలి. కంటికి కనిపించే వెలుతురు అలల పొడవు సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. తల వెంట్రుక మందం 80,000 నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అల కంటే చిన్న స్తంభాల్ని ఒక గాజు పలక మీద అడవిలా నాటితే, వెలుతురు వాటిని విడివిడిగా గుర్తించలేదు, కానీ వాటివల్ల ఆలస్యం అవుతుంది. లావు స్తంభంలో ఎక్కువ ఆలస్యం, సన్న స్తంభంలో తక్కువ. మార్చ్‌పాస్ట్‌లో వరస మలుపు తిరగడం గుర్తు తెచ్చుకోండి. లోపలివైపు పిల్లలు అడుగు చిన్నది చేస్తారు, బయటివైపు పిల్లలు పెద్దది వేస్తారు, వరస చెదరకుండా మొత్తం తిరుగుతుంది. వెలుతురు వరసను కూడా అలాగే, ఎక్కడ ఎంత ఆలస్యం కావాలో అంత ఇచ్చి తిప్పవచ్చు. హార్వర్డ్‌లో ఫెదెరికో కపాసో బృందం 2011లో ఈ సూత్రాన్ని తేల్చి చూపింది. 2016లో అదే బృందం 600 నానోమీటర్ల ఎత్తున్న టైటానియం డయాక్సైడ్ స్తంభాలతో కంటికి కనిపించే వెలుతురును కేంద్రీకరించే బల్లపరుపు కటకం చేసింది.

టైటానియం డయాక్సైడ్ అంటే ఏదో విదేశీ సరుకు అనుకోకండి. మన గోడల తెల్ల పెయింటులో ఉండేది అదే. దాని ఖనిజం ఇల్మెనైట్ భీమునిపట్నం, కళింగపట్నం తీరాల నల్ల ఇసుకలో ఉంది. పోర్ట్ బ్లెయర్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో చాలామంది తాతలు ఆ తీరాలనుంచే ఓడెక్కి వచ్చారు. (ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. నోరు ఇంకా అలవాటు పడాలి.)

ఇక కంప్యూటర్ పని. వెలుతురు ఎలా నడుస్తుందో చెప్పే సమీకరణాలు మాక్స్‌వెల్ 1865లో రాసిపెట్టాడు. వాటిని ఎవరూ తప్పలేరు. పద్యానికి ఛందస్సు ఎలాగో ఇక్కడ అవి అలాగ. 1966లో కేన్ యీ అనే గణితజ్ఞుడు వాటిని కంప్యూటర్‌కు అప్పగించే తేలిక మార్గం చూపించాడు. చోటును చిన్న చిన్న గళ్లుగా కోయడం, కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా కోయడం, ప్రతి గడిలో పక్క గళ్లను చూసి తరవాతి అడుగు లెక్కకట్టడం. ఇంత తేలికైతే ఇబ్బంది ఏమిటంటారా? లెక్క వేద్దాం. ఒక మిల్లీమీటరు చదరం పలక తీసుకుని 20 నానోమీటర్ల గళ్లుగా కోస్తే ఒక్కో వైపు 50,000 గళ్లు. ఒక్క అంతస్తులో 250 కోట్లు. అలాంటి అంతస్తులు 50 ఉంటే 12,500 కోట్ల గళ్లు. ఇదంతా ఒక్క డిజైన్ ఎలా పనిచేస్తుందో ఒక్కసారి చూడడానికి. సరైన డిజైన్‌ను వెతకడం ఇంకా మొదలే కాలేదు.

అందుకని చాలాకాలం ఒక అడ్డదారి తొక్కారు, ఇప్పటికీ తొక్కుతున్నారు. ఒక్కొక్క లావు స్తంభాన్ని విడిగా లెక్కకట్టి పట్టిక రాసుకోవడం, కావలసిన చోట పట్టికలోంచి తీసి పెట్టడం. నిఘంటువు చూసి పద్యం రాసినట్టు. పని జరుగుతుంది గానీ ఒక లోపం ఉంది. నిఘంటువులో మాటలు ఒంటరిగా ఉంటాయి. పక్కపక్కన పెడితే సంధి జరుగుతుంది, రెండూ మారిపోతాయి. స్తంభాలూ అంతే. పక్క స్తంభం లావైతే దీని ప్రవర్తన మారుతుంది. వెలుతురును కొద్దిగా వంచితే సంధి పెద్దగా బాధించదు. నిటారుగా వంచాలన్నా, అన్ని రంగుల్నీ ఒకే చోటికి తేవాలన్నా సంధిని లెక్కలోకి తీసుకోక తప్పదు, అంటే మొత్తం పద్యాన్ని ఒకేసారి పట్టాలి.

పట్టడం ఎలా? వంద గళ్ల పొడవు, వంద గళ్ల వెడల్పు ఉన్న చిన్న బొమ్మ తీసుకోండి. ప్రతి గడిలో పదార్థం ఉండాలా వద్దా అన్నదే నిర్ణయం. మొత్తం ఎన్ని రకాల బొమ్మలు? రెండును రెండుతో పదివేలసార్లు గుణించినంత. ఆ సంఖ్య రాయడానికి 3,011 అంకెలు కావాలి. మీ నోటుబుక్కులో పేజీలకు పేజీలు. ఒక్కొక్కటీ పరీక్షించి చూడడం ఏ కంప్యూటర్ తరమూ కాదు.

ఇక్కడొచ్చే ఉపాయం నాకు మహా ఇష్టం. ముందు ఏదో ఒక బొమ్మతో మొదలుపెట్టి, దీపం దగ్గరనుంచి వెలుతురును పంపి లెక్కకడతారు. తరవాత తిరగేస్తారు. వెలుతురు ఎక్కడికి చేరాలని మనం కోరుకున్నామో అక్కడినుంచి, కోరికనుంచి, వెలుతురును వెనక్కి పంపి లెక్కకడతారు. ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెడితే పదివేల గళ్లలో ప్రతి ఒక్కటీ ఎటు మారితే మేలో ఒక్కసారే తెలిసిపోతుంది. పదివేల లెక్కలు అక్కరలేదు, రెండు చాలు. కొంచెం మార్చి మళ్లీ రెండు లెక్కలు, ఇంకొంచెం మార్చి మళ్లీ రెండు. దీన్ని అడ్జాయింట్ పద్ధతి అంటారు. ఇలా ఆకారాన్ని వెతికే విద్య మొదట వంతెనలు, యంత్రభాగాలు వంటివాటికోసం 1988 ప్రాంతంలో బలపడి, తరవాత వెలుతురు వైపు వచ్చింది. అవధాని కూడా ఆఖరి పాదంనుంచి వెనక్కి నడుస్తాడు, మొదటి పాదంనుంచి ముందుకూ నడుస్తాడు. రెండు నడకలూ మధ్యలో కలిసే చోట పూరణ ఉంటుంది.

అలా వచ్చే ఆకారాలు చూడముచ్చటగా ఉంటాయని ఆశపడకండి. 2015లో స్టాన్‌ఫర్డ్‌లో యెలెనా వూచ్‌కోవిచ్ బృందం ఒక చిన్న సిలికాన్ ముక్క చేసింది. వైశాల్యం 2.8 మైక్రాన్లకు 2.8 మైక్రాన్లు, అంటే ఒక వెంట్రుక కోసిన మొహం మీద కొన్ని వందలు పడతాయి. పని: 1,300 నానోమీటర్ల వెలుతురును ఒక దారిలోకి, 1,550 నానోమీటర్ల వెలుతురును ఇంకో దారిలోకి పంపడం. రూపం మాత్రం ఎలుక కొరికిన కాగితంలా ఉంటుంది. ఏ ఇంజనీరూ చేత్తో అలా గీయడు.

ఆ 1,550 అనే సంఖ్య మన దీవులకు చుట్టమే. 2020 ఆగస్టు 10న చెన్నైనుంచి ఇక్కడికి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమైంది. అంతకుముందు ఇక్కడ ఇంటర్నెట్ అంటే ఉపగ్రహం దయ. ఇలాంటి సముద్రగర్భపు కేబుళ్లలో పరిగెత్తేది ఆ 1,550 దరిదాపుల్లోని వెలుతురే. ఒకే గాజు దారంలో ఎన్నో రంగుల వెలుతురు కలిసి వస్తుంది, ఒడ్డున విడదీయాలి. మీరు ఆన్‌లైన్‌లో చూసే ప్రతి పాఠం వెనకా ఆ విడదీత ఉంది.

ఇప్పుడు నా అసలు వాదనకు వస్తాను. "కంప్యూటరే చేసేస్తోంది" అనేవాళ్లు అవధానంలో అవధానిని మాత్రమే చూస్తున్నారు, పృచ్ఛకుణ్ణి చూడడం లేదు. ఆ ఎలుక కొరికిన బొమ్మను కంప్యూటర్ వెతికింది, నిజమే. కానీ ఏ రెండు రంగులు, ఎంత చోటు, ఎంత నష్టం వరకూ ఓర్చుకోవచ్చు, ఇవన్నీ మనిషే చెప్పాడు. చెప్పనిది కంప్యూటర్ ఊహించదు. గీత ఎంత సన్నగా ఉండవచ్చో చెప్పడం మరిచిపోతే, ఏ యంత్రమూ చెక్కలేనంత సన్నటి తీగల్ని, గాల్లో వేలాడే ముక్కల్ని తెచ్చి చేతిలో పెడుతుంది. కాగితం మీద అద్భుతం, చేతికి శూన్యం. వెలుతురు నిటారుగా వచ్చినప్పుడు మాత్రమే పరీక్షించమంటే, కొంచెం ఏటవాలుగా రాగానే చేతులెత్తేసే డిజైన్ ఇస్తుంది. నిషిద్ధాక్షరి పట్టే పృచ్ఛకుడు ఊరికే అడ్డుపడడు. ఏ అక్షరం ఎక్కడ రాబోతోందో ముందే ఊహించగలిగినవాడే నిషేధించగలడు. అంటే కవికి ఎంత భాష వచ్చో అతనికీ దాదాపు అంత రావాలి. ఫిజిక్స్ రానివాడు వెలుతురుకు నిషేధాలు పెట్టలేడు. అందుకే ఇన్ని లెక్కలు, ఇంత ఫిజిక్స్.

ఇంకో మెలిక ఉంది. ఒక సమస్యను పదిమంది కవులు పది రకాలుగా పూరిస్తారు, పదీ ఒప్పే. ఇక్కడా అంతే, ఒకే పనిని చాలా ఆకారాలు చేస్తాయి. వేల ఉదాహరణలు చూపించి న్యూరల్ నెట్‌వర్క్‌కు ఈ విద్య నేర్పబోయినవాళ్లకు ఇది అడ్డం తగిలింది. ఒకే ప్రశ్నకు రెండు వేర్వేరు ఒప్పు జవాబులు చూపిస్తే అది రెండింటినీ కలిపి సగటు తీస్తుంది. రెండు మంచి పద్యాల సగటు పద్యం కాదు కదా! తరవాత దీనికీ ఉపాయాలు కనిపెట్టారు. నెట్‌వర్క్ ఇచ్చిన ఆకారం అచ్చం పుస్తకంలోని ఆకారంలా ఉందా అని కాక, అది కోరిన పని చేస్తుందా అని తూచడం వాటిలో ఒకటి. పరీక్ష పేపర్లు దిద్దే మా జాతికి ఇది కొంచెం గుచ్చుకునే సంగతి. గైడులో ఉన్నట్టు రాశాడా అని చూస్తాం గానీ, రాసింది నిలబడుతుందా అని ఎంతసేపు చూస్తాం?

నా మాటకు ఎదురు చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలోనూ పస ఉంది. పని జరిగితే చాలదా, ఆ ఆకారం ఎందుకలా ఉందో తెలియకపోతే నష్టమేమిటి, పాలపిట్టకు తన ఈక ఎందుకు నీలమో తెలుసా అంటారు. కేబుల్ ఒడ్డున పెట్టే పరికరానికి ఆ వాదన నేను ఒప్పుకుంటాను. పనిచేస్తోందని పరీక్షించి చూసుకుంటే సరిపోతుంది. బడికి మాత్రం ఒప్పుకోను. 1948లో వాల్తేరునుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఒక పుస్తకం ప్రచురించింది. సూరి భగవంతం, టి. వెంకటరాయుడు రాసిన ఆ పుస్తకం, వస్తువుల సౌష్ఠవాన్ని గణితంగా పట్టుకుని భౌతికశాస్త్రంలో ఎలా వాడుకోవాలో చెబుతుంది. భగవంతం రామన్ దగ్గర శిష్యరికం చేసినవారు. స్ఫటికంలో సౌష్ఠవం ఎలా ఉందో చూస్తే చాలు, అది వెలుతురును ఏయే విధాలుగా చెదరగొట్టగలదో, ఏయే విధాలుగా చెదరగొట్టలేదో మొత్తం లెక్కకట్టకుండానే చెప్పవచ్చు. కంప్యూటర్లు లేని రోజుల్లో కాగితం మీద సాధించిన పని ఇది. ఈనాటి మెటాసర్ఫేస్ డిజైన్ చేసేవాళ్లూ ముందు సౌష్ఠవం వాడుకుని బొమ్మను నాలుగో వంతుకో, ఎనిమిదో వంతుకో తగ్గించి అప్పుడు కంప్యూటర్‌కు ఇస్తారు. అర్థం చేసుకున్నవాడి సమస్య చిన్నదవుతుంది. అర్థం చేసుకోనివాడు 3,011 అంకెల ముందు నిలబడతాడు.

తెలుగు ఎందుకు అన్న రెండో మాటకు జవాబు ఇందులోనే సగం వచ్చేసింది. మిగతా సగం ఇది. ప్రశ్న స్పష్టంగా అడగడం భాష పని. ఏం కావాలి, ఏం కూడదు, ఎంతవరకు ఫరవాలేదు అన్న మూడు సంగతులు తడబడకుండా చెప్పడం పదాల మీద పట్టు లేకుండా రాదు. మన పిల్లల భాషల సంగతి నాకు తెలుసు, ఎందుకంటే ఎడారి అంచున పనిచేశాను, కొండల్లో పనిచేశాను, ఇప్పుడు దీవిలో ఉన్నాను. ఇంట్లో తెలుగు, మైదానంలో హిందీ, నోటుబుక్కులో ఇంగ్లీషు. మూడూ వచ్చు, మూడింటిలోనూ జవాబులు చెబుతారు. ప్రశ్న వేయమంటే మాత్రం మూడింటిలోనూ ఆగిపోతారు. కారణం తెలివి తక్కువై కాదు. సైన్సు ఇంగ్లీషుకీ, కబుర్లు హిందీకీ, నాలుగు పద్యాలు తెలుగుకీ అని మనం పంచిపెట్టేశాం. అమ్మమ్మతో ఫోనులో పాలపిట్ట గురించి మాట్లాడే భాషలోనే దాని ఈక గురించి ఆలోచించడానికి పిల్లవాడికి అనుమతి లేకుండా పోయింది. తెలుగు పీరియడులో నానోమీటరు గురించి చదవకూడదని ఏ సిలబస్సూ రాయలేదు. రాసిందని మనమే అనుకున్నాం.

నేను కోరేది పెద్దదేం కాదు. సైన్స్ ఎగ్జిబిషన్‌లో ఏటా అవే అగ్నిపర్వతాలు, అవే నీటి శుద్ధి సీసాలు పెడుతున్నాం. అన్నీ జవాబులే. ఈసారి ఒక బల్ల మీద జవాబులు లేకుండా సమస్యలు మాత్రం పెడదాం. ఆసక్తి ఉన్న పెద్ద తరగతుల పిల్లలు కంప్యూటర్ సార్‌ను అడిగి మీప్ అనే ఉచిత ప్రోగ్రాం ప్రయత్నించవచ్చు. ఎం.ఐ.టి.లో పుట్టింది, డబ్బు కట్టనక్కర్లేదు. రెండు కొలతల్లో చిన్న బొమ్మలైతే మన ల్యాబ్ కంప్యూటర్ మీద నడుస్తాయి. అది లేకపోయినా సమస్య రాయడానికి కాగితం చాలు. సముద్రిక మ్యూజియంలో ఆల్చిప్పల ముందు ఒక పావుగంట నిలబడి రండి. మెరిసే ఆ లోపలి పొరలో ఒక్కొక్క పలక మందం అర మైక్రాన్ దరిదాపుల్లో ఉంటుంది. చూశాక ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి.

లైబ్రరీలో తెలుగు పత్రికల పక్కన ఈ నెలనుంచి ఒక అట్టపెట్టె ఉంటుంది. సమస్య ఏ భాషలో రాసినా సరే, తెలుగులోకి నేను తెస్తాను. తెలుగులో రాస్తే అచ్చుకు ముందు వరస. వెలుతురు ఏం చేయాలో ఒక వాక్యం, ఏం చేయకూడదో కనీసం రెండు వాక్యాలు ఉండాలి. మచ్చుకు మొదటిది నేనే వేసి ఉంచాను. ఉత్తర అండమాన్‌లో దిగ్లీపూర్ దగ్గర కాలీపూర్ ఒడ్డున సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. పిల్లలు రాత్రిపూట పొదిగి బయటికొచ్చి, వెలుతురుగా ఉన్న వైపు సముద్రం ఉంటుందని నమ్మి నడుస్తాయి. ఒడ్డున దీపాలుంటే దారి తప్పి ఊరివైపు పోతాయి. ఒడ్డు దారిలో నడిచే మనిషికి కాళ్ల ముందు కనిపించాలి. తాబేలు పిల్లకు ఆ దీపం ఉన్నట్టే తెలియకూడదు. దీపానికి వేసే గాజు మూత ఎలా ఉండాలి? నిషిద్ధాలు మూడు: ఇసుక మీద పడిన వెలుతురు సముద్రంవైపు చెదరకూడదు, ఉప్పుగాలికి మూత మసకబారకూడదు, కరెంటు ఇప్పటికంటే ఎక్కువ కాకూడదు.